ఒకసారి నీళ్లు, ఒకసారి జిగురు: గంబోతో నా తిప్పలు

నేను మొదటిసారి వండిన గంబో మూడు అంతస్తులుగా తేలింది. పైన వేలెడు మందాన నూనె. మధ్యలో టీ డికాషన్‌లాంటి నీళ్లు. గరిటె అడుక్కి దించితే ఇసుకలా తగిలే పిండి. కోడి ముక్కలు మాత్రం మధ్య అంతస్తులో హాయిగా ఈదుతున్నాయి. మా ఆయన అన్నంలో రెండు గరిటెలు పోసుకుని, కలుపుకుని తిని, "చారు బాగుంది" అన్నాడు. వెటకారం చేసి ఉంటే ఊరుకునేదాన్ని. ఆయన నిజంగానే చారనుకున్నాడు!

మేం ఉండేది లాఫయెట్‌లో. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, న్యూ ఆర్లీన్స్‌కి పడమరగా రెండు గంటలు దాటిన కారు ప్రయాణం. ఇక్కడ గంబో ఒక వంటకం అనడం కంటే ఒక వాతావరణం అనడం నయం. అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో మొదటి చలిగాలి తిరిగిందంటే చాలు, "గంబో వెదర్ వచ్చేసింది" అనుకుంటారు అందరూ. ఆ సాయంత్రం వీధిలో నడిస్తే ఇంటింటి నుంచీ పిండి వేగుతున్న వాసనే. 2004లో దీన్ని రాష్ట్ర అధికారిక వంటకంగా ప్రకటించుకున్నారు కూడా.

చూడని వాళ్లకి చెప్పాలంటే, ఇది అన్నంలో పోసుకు తినే చిక్కటి పులుసు. పులుపుండదు. నూనెలో మైదా వేసి ముదురు రంగు వచ్చేదాకా వేయిస్తారు. దాన్ని 'రూ' అంటారు. (వంటల కాగితంలో ఆ మాట మొదటిసారి చూసినప్పుడు నాకు రూపాయలే గుర్తొచ్చాయి.) అందులో ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికమ్ ముక్కలు పడతాయి. ఈ మూటినీ కలిపి ఇక్కడివాళ్లు 'హోలీ ట్రినిటీ' అంటారు, అంటే వీళ్ల వంటింటి త్రిమూర్తులన్నమాట. తర్వాత ఎముకల రసం, కోడి ముక్కలు, పొగబెట్టిన సాసేజ్. కాకపోతే రొయ్యలు, పీతలు. చిక్కదనానికి రూతో పాటు బెండకాయ గానీ, 'ఫిలే' అనే ఆకుపొడి గానీ వేస్తారు. గంబో అన్న పేరు కూడా బెండకాయదే అంటారు. పశ్చిమాఫ్రికా, అంగోలా వైపు నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల భాషల్లో బెండకాయని 'కింగోంబో' అనేవారట.

బెండకాయ, పులుసు, అన్నం. మాది తెనాలి. ఈ మూడు మాటలూ విన్నాక నాకు రాని వంట ఏముంటుందనుకున్నాను. నా తప్పులన్నీ ఆ ధీమాలోంచే పుట్టాయి.

మన ఇళ్లలో పులుసు పలచబడితే ఏం చేస్తాం? చెంచాడు బియ్యప్పిండో శనగపిండో నీళ్లలో కలిపి చివర్లో పోస్తాం. రెండు పొంగులు రాగానే చిక్కబడుతుంది. అమ్మ దప్పళానికీ అదే, నేను మజ్జిగ పులుసుకీ అదే. చిక్కదనం అంటే చివర్లో చేసుకునే సర్దుబాటని నా చేతికి అలవాటైపోయింది. గంబోలో చిక్కదనం మొదటి అరగంటలోనే నిర్ణయమైపోతుంది. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఆరు కుండలు పట్టాయి.

మూడంతస్తుల కుండని పక్కింటి పెద్దావిడకి చూపించాను. ఆవిడకి డెబ్బై దాటాయి. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడుకుంటూ పెరిగిన కేజన్ మనిషి, అంటే ఎప్పుడో కెనడా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ల సంతతి. నన్ను 'షా' అని పిలుస్తుంది. అది వాళ్ల ఫ్రెంచిలో 'బంగారం' అన్నట్టు. మూత తీసి చూసి, రుచి కూడా చూడకుండా, "రూ విరిగింది షా" అంది. మజ్జిగ పులుసు విరగడం తెలిసిన మనిషిని కాబట్టి ఆ మాట తిన్నగా లోపలికి దిగింది. తర్వాత మూడు ప్రశ్నలు వేసింది. నూనె ఎంత, పిండి ఎంత? రసం ఎంత చల్లగా ఉంది? మంట ఎంత పెట్టావు?

మూటికీ నా జవాబు తప్పే. నూనె కూరలకి పోసినట్టు కంటి కొలతతో పోశాను. తర్వాత లెక్కేస్తే కప్పు పిండికి కప్పున్నర నూనె పడింది. ఆ పిండి మోయగలిగినంత నూనెనే మోస్తుంది, మిగతాది పైకి తేలుతుంది. రసం తిన్నగా ఫ్రిజ్‌లోంచి తీసి, సలసల కాగుతున్న రూలో ఒక్కసారిగా కుమ్మరించాను. అప్పుడు పిండి రసంలో కలిసే లోపే గడ్డలు కట్టి అడుక్కి దిగుతుంది. ఆ పైన త్వరగా అయిపోవాలని గంటసేపు పెద్ద మంట మీద కుతకుతలాడించాను. అంత ఉడుకులో ఏ చిక్కటి రసమైనా నూనెనీ నీళ్లనీ పట్టి ఉంచలేదు. చర్మంతో వేసిన కోడి ముక్కలు కూడా తమ వంతు కొవ్వు వదిలాయి.

"పారబోయాలా?" అన్నాను. అక్కర్లేదంది. పొయ్యి ఆపి అరగంట కదపకుండా వదిలేసింది. పైకి తేలిన నూనెని వెడల్పాటి గరిటెతో తీసి పారేసింది. చిన్న మూకుట్లో రెండు చెంచాల నూనె, రెండు చెంచాల పిండి వేసి లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించి, కుండలోని రసమే కొంచెం కొంచెంగా పోస్తూ జారుగా చేసి, దాన్ని తిరిగి కుండలో కలిపింది. సన్నటి సెగ మీద నలభై నిమిషాలు ఉంచింది. గొప్పగా కుదిరిందని చెప్పను, కానీ అంతస్తులు పోయాయి. మా ఆయన మళ్లీ తిన్నాడు. ఈసారి చారనలేదు.

రెండో కుండకి భయం పట్టుకుంది. మాడిపోతుందేమో, విరిగిపోతుందేమో అని రూ పావుగంటకే ఆపేశాను. ఇక్కడ నా తెలుగు చెయ్యి ఇంకో దెబ్బ తీసింది. మైసూర్‌పాకుకి శనగపిండినైనా సున్నుండలకి మినప్పప్పునైనా మనం పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తాం. కమ్మగా ఉందంటే దించేయాల్సిందే, ఇంకో నిమిషం ఉంచితే మాడినట్టే. రూ ఆ మజిలీ దాటి ఇంకా మూడు మజిలీలు పోవాలి. వేయించిన వేరుశనగపప్పు రంగు, తర్వాత రాగి రంగు, తర్వాత పాత బెల్లం రంగు. కొందరు అక్కడా ఆగకుండా చాక్లెట్ రంగు దాకా పోతారు. నేను వేరుశనగ దగ్గరే దిగిపోయాను.

ఆ గంబో చిక్కబడిందా అంటే, మహా చిక్కబడింది. గరిటె నిలబడింది. నాలుక మీద పిండి పూత. సంక్రాంతి ముగ్గులో చెయ్యి పెట్టినట్టు నోరంతా బంకబంక. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే హల్వాలా ముక్కలు కోసుకోవచ్చు. రసం పోసి పలచన చేశాను, అప్పుడు రుచి కూడా పలచనైంది.

మూడో కుండకి పంతం పట్టాను. ఫోన్ పక్క గదిలో పెట్టాను (ఇది పెద్దావిడ పెట్టిన షరతు). అడుగు మందంగా ఉన్న కుండ, మూలల్లోకి వెళ్లే చదునైన చెక్క గరిటె, కప్పు నూనె, కప్పు పిండి, మధ్యస్థం కంటే తక్కువ మంట. నలభై ఐదు నిమిషాలు ఆపకుండా కలిపాను. పావుగంట దాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో రంగూ ముందు దానికంటే త్వరగా వచ్చేస్తుంది. వాసన మొదట బిస్కెట్టు, తర్వాత వేరుశనగ, చివరికి కాఫీ గింజలు. పాత బెల్లం రంగు రాగానే తరిగిన ఉల్లిపాయలన్నీ ఒక్కసారిగా వేశాను. అలా వెయ్యడం రుచికోసమే కాదు. ఉల్లిపాయలోని తడి రూని చల్లబరిచి అక్కడికి ఆపుతుంది. వేసిన క్షణంలో రంగు ఇంకో మెట్టు ముదురుతుంది కూడా, అందుకే అనుకున్న రంగుకి ఒక అడుగు ముందే వెయ్యాలి. ఆ రూ చూసి నాకు నేనే మురిసిపోయాను. గోరువెచ్చటి రసం గరిటె గరిటెగా పోశాను. ఒక్క ఉండ కట్టలేదు. ఒక్క చుక్క నూనె విడిపోలేదు.

కానీ నీళ్లలా ఉంది. అదే పిండి, అదే నూనె, అదే రసం. రెండో కుండలో గరిటె నిలబడింది, ఇందులో గరిటె నుంచి చినుకుల్లా కారుతోంది. నాకు మతిపోయింది. వెంటనే పాత వైద్యం గుర్తొచ్చి బియ్యప్పిండి కలిపి పోశాను. చిక్కబడింది, కాదనను. పైన తళతళా మెరుస్తూ, నోట్లో సుద్దలా తగులుతూ, నలభై ఐదు నిమిషాలు కష్టపడి తెచ్చిన ఆ కాఫీ వాసనని కప్పేస్తూ మరీ చిక్కబడింది.

పెద్దావిడ కాసేపు నవ్వి ఒకే మాట చెప్పింది: "నల్లబడే కొద్దీ బలం తగ్గుతుంది." ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. మైదాలో ఉండేది చాలావరకు గంజి పదార్థమే. దాని పలుకులు వేడి నీళ్లలో ఉబ్బి, నీటిని పట్టుకుని, రసాన్ని చిక్కబరుస్తాయి. కానీ పొడి వేడి మీద ఎక్కువసేపు వేగితే ఆ గంజి గొలుసులు తెగి చిన్న ముక్కలైపోతాయి. చిన్న ముక్కలకి నీటిని పట్టుకునే శక్తి ఉండదు. కాబట్టి పిండి ఎంత ఎర్రబడితే అంత రుచి వస్తుంది, అంత పట్టు పోతుంది. రెండో కుండలోని లేత రూకి పట్టు ఉంది, రుచి లేదు. మూడో కుండలో రుచి ఉంది, పట్టు లేదు. వంటల కాగితంలో 'ఒక కప్పు పిండి' అని రాసిన వాళ్లు తమ రూ ఏ రంగులో ఆపారో రాయకపోతే ఆ కొలతకి అర్థమే లేదని నాకు అప్పుడు తెలిసింది.

సరే, మరి పట్టు ఎక్కడి నుంచి తేవాలి? పిండి కొంచెం పెంచాను. ఇప్పుడు పాత బెల్లం రంగుకి నా లెక్క కప్పు నూనెకి కప్పుంబావు పిండి, పది కప్పుల రసం. అంతకంటే ముదురు రంగు కావాలంటే రసం ఒక కప్పు తగ్గిస్తాను. మూత తీసి, సన్నటి సెగ మీద, బుడగ అప్పుడొకటీ ఇప్పుడొకటీ వచ్చేలా రెండు గంటలు ఉంచుతాను. కానీ అసలు తేడా వచ్చింది రసం మార్చినప్పుడు.

అప్పటిదాకా నేను పోసేది డబ్బాలో అమ్మే చికెన్ రసం. దాంట్లో ఉప్పుంటుంది, వాసనుంటుంది, పట్టు మాత్రం ఏమీ ఉండదు. పెద్దావిడ కోడి వీపులు, రెక్కలు, కాళ్లు వేసి మూడు గంటలు ఉడికించిన రసం వాడుతుంది. అది చల్లారి ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది, పాయా మర్నాడు గిన్నెలో గడ్డకట్టినట్టే. ఎముకల్లోంచీ కీళ్లలోంచీ దిగిన ఆ జిగురు నాలుక మీద చిక్కగా తగులుతుంది. పిండిలా బంకగా అతుక్కోదు. పైన పేరుకున్న కొవ్వు బిళ్లని చెంచాతో ఎత్తి తీసేస్తే నూనె తేలే బెడద కూడా సగం తీరిపోతుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే పాయా తిన్న మనిషిని, ఈ సంగతి నాకే ముందు తట్టి ఉండాల్సింది.

ఎంత చిక్కగా ఉండాలన్నది మాత్రం ఇక్కడ ఏ రెండిళ్లూ ఒప్పుకోవు. ఈ పల్లెల్లో చాలామంది పలచటి గంబోనే ఇష్టపడతారు. న్యూ ఆర్లీన్స్ వైపు చిక్కగా, కొన్ని ఇళ్లలో టమాటా కూడా వేసి చేస్తారు. ఇక్కడ టమాటా పేరెత్తితే మాత్రం మొహాలు మాడ్చుకుంటారు. నాకు నచ్చిన గుర్తు ఒకటుంది. చెంచా ముంచి తీసి, దాని వెనక వేలితో గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు నిలిచి మెల్లగా పూడాలి. అసలు నిలవకపోతే నీళ్లు. ఎంతకీ పూడకపోతే జావ.

నాలుగో కుండ గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. రూ మాడింది. నల్ల చుక్కలు కనిపించాయి, "పర్లేదు, ముదురు రంగేగా" అని ముందుకెళ్లాను. చేదు. మాడిన రూకి వైద్యం లేదు. ఆ చుక్కలు కనిపించిన నిమిషమే పారేసి కుండ కడుక్కుని మళ్లీ మొదలుపెట్టాలి. కప్పు మైదా పోతుందని చూసుకుంటే కోడి మొత్తం పోతుంది. పోయింది.

తర్వాత బెండకాయల కాలం వచ్చింది. లూసియానా ఎండాకాలం మన గోదావరి జిల్లాల ఎండాకాలంలాంటిదే, ఒళ్లంతా చెమట. జూలైలో ఎక్కడ చూసినా బెండకాయలే. ఇక్కడి పాత ఫ్రెంచి మాటల్లో 'గోంబో ఫేవీ' అంటే బెండకాయ గంబో, 'గోంబో ఫిలే' అంటే ఆకుపొడి గంబో. వెనకటి రోజుల్లో కాయ దొరికే వేసవిలో మొదటిదీ, దొరకని చలికాలంలో రెండోదీ చేసుకునేవారు. నేను ఐదో కుండకి బెండకాయలు తరిగి తిన్నగా మరిగే రసంలో వేశాను.

ఇందులో నాకు మన్నింపు లేదు. బెండకాయ వేపుడుకి కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టాకే తరగాలని నాకు పదేళ్ల వయసులో నేర్పారు. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వెయ్యాలి, అదేపనిగా కలపకూడదు. ఇన్నీ తెలిసి, ఇది అమెరికా వంట కదా అని ఆ జ్ఞానమంతా గుమ్మం బయట వదిలేశాను. కోసిన బెండకాయకి నీళ్లు తగిలితే లోపలి జిగురు నీళ్లలోకి దిగుతుంది. గరిటె ఎత్తితే ముక్కుచీమిడి గుర్తొచ్చేలా తీగలు. తినబోయే వాళ్లకి ఇలా రాయకూడదు గానీ, వేరే పోలిక దొరకలేదు.

చింతపండు బెండకాయ జిగురుని తగ్గిస్తుందన్నది మన పులుసు చెప్పే సత్యం. అందుకని నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి పోశాను. జిగురు నిజంగానే తగ్గింది. దాంతోపాటు గంబో కూడా పోయి, పొగబెట్టిన టర్కీ సాసేజ్ ముక్కలు తేలుతున్న బెండకాయ పులుసు మిగిలింది. మా ఆయన ఆ పూట మూడుసార్లు వడ్డించుకున్నాడు. "నువ్వు చేసినవాటిలో బెస్ట్ గంబో ఇదే" అన్నాడు. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడివాళ్లూ పులుపు వాడతారు, కానీ చెంచాడు వెనిగర్, లేదంటే టమాటా ముక్కలు. అదీ బెండకాయలు వేయించేటప్పుడే, కుండలో కాదు. పెద్దావిడ పద్ధతి వేరు మూకుట్లో నూనె బాగా కాగనిచ్చి, ఆరిన ముక్కలు పలచగా పరిచి, మూత లేకుండా తీగలు తెగిపోయేదాకా వేయించడం. కొంచెం అంచులు ఎర్రబడతాయి. అప్పుడు కుండలోకి వెళ్లి నలభై నిమిషాలు ఉడుకుతాయి. జిగురు పూర్తిగా చంపేస్తే బెండకాయ వేసి ప్రయోజనం లేదు, చిక్కదనం ఇచ్చేది ఆ జిగురే. తీగగా సాగకుండా రసమంతటా కరిగి కలిసిపోవాలి, అంతే. ఫ్రీజర్‌లో దొరికే ముక్కలు వాడితే మంచు కరిగిన తడి ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువసేపు వేయించాలి. ఒకసారి ఆ తొందరలో పడి మళ్లీ చీమిడి చూశాను.

ఇక ఫిలే. సాసఫ్రాస్ అనే చెట్టు ఆకులు ఎండబెట్టి దంచిన పొడి. ఫ్రెంచివాళ్లు రాకముందు నుంచీ ఇక్కడి చోక్టా జాతి మూలవాసులు వాడుతున్నది. చూడ్డానికి మునగాకు పొడిలా ఉంటుంది. వాసన మాత్రం మట్టికీ నీలగిరి తైలానికీ మధ్యలో ఎక్కడో. రుచికి వేస్తారు, చిక్కదనానికీ వేస్తారు.

మార్డీగ్రా (ఇక్కడి కార్నివాల్ పండగ) సెలవులకి పదిమందిని భోజనానికి పిలిచాను. యూనివర్సిటీలో చదివే తెలుగు పిల్లలు నలుగురు, రెండు కుటుంబాలు. ఆరో కుండ. రూ కుదిరింది, రసం కుదిరింది. వాళ్లు రాక ముందు చెంచా వెనక గీత కూడా చూసుకున్నాను, పూడింది. కొంచెం, అతి కొంచెం పలచగా అనిపించింది. చివర్లో ఏదో ఒక పిండి పొయ్యకపోతే చెయ్యి ఊరుకోదు కదా. కుతకుతలాడుతున్న కుండలో మూడు చెంచాల ఫిలే వేసి కలిపాను. అందరూ వచ్చేదాకా చల్లారకూడదని సన్నసెగ మీద రెండు గంటలు అలాగే ఉంచాను.

వడ్డించడానికి గరిటె ఎత్తాను. కుండకీ గరిటెకీ మధ్య జీళ్లపాకం సాగినట్టు మూరెడు తీగ. తెంపుదామని గరిటె తిప్పితే గరిటె చుట్టూ చుట్టుకుంది. ఒక చిన్నపిల్లాడు కళ్లు పెద్దవి చేసి, "ఆంటీ, ఇందులో చీజ్ వేశారా?" అన్నాడు. అవునని చెప్పేస్తే పోయేదేమో. జల్లెడలో వడగట్టాను, వేడి రసం పోసి పలచన చేశాను. సన్నటి నూలుపోగుల్లా మిగిలిపోయింది. మర్యాదకి అందరూ తిన్నారు. ఎవరూ రెండోసారి అడగలేదు.

ఫిలే అన్న మాట ఫ్రెంచిలో దారానికి సంబంధించినదట. 'దారాలు తీసినది' అన్నట్టు. అంటే సీసా మీద పేరే హెచ్చరిక, నేను చదవలేదంతే! ఫిలే పడ్డాక రసం మళ్లీ ఉడకకూడదు. పొయ్యి ఆపాక, పొంగు పూర్తిగా దిగాక వెయ్యాలి. అంతకంటే మంచిది అసలు కుండలోనే వెయ్యకుండా సీసా బల్ల మీద పెట్టడం. ఎవరి గిన్నెలో వాళ్లు చిటికెడు చల్లుకుంటారు. మిగిలిన గంబోని మర్నాడు వేడి చేసుకున్నా తీగలు రావు. మర్నాటి గంబోయే రుచి అని ఇక్కడ అందరూ అంటారు కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు.

మిగతా చిల్లర తప్పులు ఎవరైనా చేసేవే. ఎముక లేని రొమ్ము ముక్కలు వేస్తే రెండు గంటలకి పీచుపీచైపోతాయి, ఎముకతో ఉన్న తొడలు వెయ్యాలి. రొయ్యలు పొయ్యి ఆపే ముందు నాలుగు నిమిషాలు చాలు, లేకపోతే రబ్బరే. అన్నం కుండలో కలిపి దాచుకోకూడదు. రాత్రికి రాత్రి అది రసమంతా తాగేసి ముద్ద చేసి పెడుతుంది. బియ్యం అంటే గుర్తొచ్చింది, ఇక్కడికి అరగంట దూరంలో క్రౌలీ అనే ఊరుంది. 'అమెరికా బియ్యం రాజధాని' అని చెప్పుకుంటారు. రోడ్డుకి రెండు పక్కలా మడులు, నీళ్లు నిలబెట్టి, తెనాలి కాలవగట్టు మీద వెళుతున్నట్టే ఉంటుంది. వరి కోసేశాక అవే మడుల్లో చాలామంది క్రాఫిష్ (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు) పెంచుతారు. ఆ బియ్యంతో వండిన అన్నం మీదే గంబో సరిగ్గా కూర్చుంటుంది. బాస్మతి పలుకు పలుకుగా విడిపోయి రసం మీద తేలుతూ ఉంటుంది.

మొన్న ఆగస్టులో ఏడో కుండ వండాను. ఎముకల రసం ముందురోజే కాచి, కొవ్వు బిళ్ల తీసేశాను. రూ పాత బెల్లం రంగు. బెండకాయలు పొద్దున కడిగి ఫ్యాన్ కింద ఆరబెట్టి, వేరే మూకుట్లో తీగ తెగేదాకా వేయించాను. ఫిలే ముట్టుకోలేదు. చివర్లో రుచి చూసినప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ బియ్యప్పిండి డబ్బా వైపు వెళ్లింది. ఆ డబ్బాని ముందే మా ఆయన చేత పై అరలో పెట్టించాను, కుర్చీ వేసుకుంటే గానీ అందదు.

పెద్దావిడని పిలిచాను. గిన్నెలో అన్నం పెట్టి, గంబో పోసి ఇచ్చాను. ఆవిడ తనతో డబ్బాలో తెచ్చుకున్న బంగాళాదుంప సలాడ్ ఒక ఉండ తీసి మధ్యలో వేసుకుంది. ఇక్కడివాళ్ల అలవాటది, నాకింకా ఒంటబట్టలేదు. చెంచా ముంచింది, ఎత్తి చూసింది, రసం జారడం చూసింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఒక ముద్ద తింది. ఇంకోటి తింది. ఒక బెండకాయ ముక్కని పక్కకి లాగి వెలుతురుకి పెట్టి చూసింది.

"దేంట్లో వేయించావు షా? ఇనుప మూకుడా?"

అవునన్నాను.

"అందుకే నల్లబడింది. బెండకాయకి ఇనుము పడదు, వచ్చేసారి వేరే దాంట్లో వేయించు" అని, గిన్నె ఖాళీ చేసి నా వైపు చాపింది, "రసం ఎక్కువ పోయి, అన్నం తగ్గించు."